గిటార్ హెడ్‌కి క్యాబ్ కొనేముందు: ముందు ఓమ్స్, తర్వాత వాట్లు, ఆ తర్వాతే సౌండ్

హెడ్ (స్పీకర్ లేని యాంప్) చేతికొచ్చాక, దానికి క్యాబ్ (స్పీకర్లున్న పెట్టె) కొనేటప్పుడు అందరూ అడిగేది ఒకటే: "ఏ స్పీకర్ బాగుంటుంది?" ఆ ప్రశ్న చివరిది. ముందు హెడ్‌ని వెనక్కి తిప్పండి. స్పీకర్ జాక్‌ల పక్కన 4, 8, 16 ఓమ్స్ (కరెంటుకి స్పీకర్ చూపే అడ్డు) అని వేర్వేరు జాక్‌లు గానీ, ఒక సెలెక్టర్ స్విచ్ గానీ ఉంటాయి. కొన్నింటికి ఒకే అంకె ఉంటుంది. క్యాబ్ ఓమ్స్ దానికి సరిపోవాలి.

ట్యూబ్ హెడ్‌కీ, ట్రాన్సిస్టర్ హెడ్‌కీ ఇక్కడే తేడా. ట్రాన్సిస్టర్ హెడ్ మీద "కనీసం 8 ఓమ్స్" అని ఉంటే 16 ఓమ్స్ క్యాబ్ తగిలించినా ఇబ్బంది లేదు, పవర్ సగానికి దగ్గరగా పడిపోతుందంతే. 4 ఓమ్స్‌ది తగిలిస్తే మాత్రం కరెంటు ఎక్కువ లాగి అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు వేడెక్కి పోతాయి. ట్యూబ్ హెడ్‌కి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కాబట్టి సెలెక్టర్ అంకె, క్యాబ్ అంకె ఒకటే ఉండాలి. అసలు క్యాబ్ తగిలించకుండా ట్యూబ్ హెడ్ వాయించడం అన్నిటికన్నా ప్రమాదం. ట్రాన్స్‌ఫార్మర్‌లోని శక్తికి బయటికి దారి ఉండదు. వోల్టేజ్ ఎగబాకి ట్యూబ్ సాకెట్ దగ్గర స్పార్క్ కొడుతుంది, లేదా ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇన్సులేషన్ పోతుంది. ఆ రిపేరు ఖర్చుతో ఒక చిన్న క్యాబ్ వచ్చేస్తుంది.

రెండు క్యాబ్‌లు పెట్టే ఆలోచన ఉంటే లెక్క మారుతుంది. హెడ్ వెనక రెండు జాక్‌లు మామూలుగా ప్యారలల్‌లో ఉంటాయి. రెండు 16 ఓమ్స్ క్యాబ్‌లు తగిలిస్తే మొత్తం 8, సెలెక్టర్ 8 మీద పెట్టాలి. రెండు 8 ఓమ్స్ అయితే 4. ఒకటి 16, ఒకటి 8 అయితే 5.33 వస్తుంది, సెలెక్టర్ 4 మీద పెట్టుకోవాలి. పైగా 8 ఓమ్స్ క్యాబ్‌కి రెండో దానికన్నా రెట్టింపు పవర్ పోతుంది. 50 వాట్లలో 33 దానికే. అందుకే ముందుముందు రెండో క్యాబ్ కొనే ఉద్దేశం ఉన్నవాళ్లు మొదటిదే 16 ఓమ్స్‌ది తీసుకుంటే మంచిది.

ఇక వాట్లు. 50 వాట్ల ట్యూబ్ హెడ్ అంటే క్లీన్‌గా 50 అని అర్థం. వాల్యూమ్ పూర్తిగా తిప్పితే అంతకన్నా బాగా ఎక్కువే ఇస్తుంది. క్యాబ్ రేటింగ్ హెడ్‌కి ఒకటిన్నర రెట్లు, కుదిరితే రెండు రెట్లు ఉండాలి. సెలెషన్ కంపెనీ గ్రీన్‌బ్యాక్ స్పీకర్ ఒక్కోటి 25 వాట్లు. రెండు పెట్టిన 2×12 క్యాబ్ (అంటే 12 అంగుళాల స్పీకర్లు రెండు) మొత్తం 50, అంటే 50 వాట్ల హెడ్‌కి అంచు మీద నిలబడ్డట్టు. నాలుగున్న 4×12 అయితే 100, ఫర్వాలేదు. అదే కంపెనీ వింటేజ్ 30 పేరులో 30 ఉన్నా దాని రేటింగ్ 60 వాట్లు, రెండు చాలు.

రకరకాల స్పీకర్లు కలిపిన క్యాబ్‌లో చాలామంది తప్పే కూడిక వేస్తారు. ఒక గ్రీన్‌బ్యాక్, ఒక వింటేజ్ 30 ఉంటే మొత్తం 85 కాదు, 50. ఓమ్స్ సమానమైతే పవర్ చెరిసగం పంచుకుంటుంది, చిన్నది తన 25 దాటితే వాయిస్ కాయిల్ (కోన్‌ని కదిపే తీగచుట్ట) కాలిపోతుంది.

వాట్ల పక్కనే సెన్సిటివిటీ (అదే పవర్‌కి స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందన్నది) అని డెసిబెల్స్‌లో ఒక అంకె ఉంటుంది, దాన్ని చూసేవాళ్లు తక్కువ. వింటేజ్ 30 ది 100, సెలెషన్‌దే ఇంకో స్పీకర్ జీ12టీ-75 ది 97. తేడా మూడే కదా అనిపిస్తుంది, కానీ 3 డెసిబెల్స్ అంటే యాంప్ వాట్లు రెట్టింపు చేసినంత. ఇంట్లో వాయించేవాళ్లకి తక్కువ సెన్సిటివిటీ ఉన్న స్పీకరే నయం. అపార్ట్‌మెంట్ కాబట్టి తక్కువ వాట్ల క్యాబ్ చాలనుకోవడం మాత్రం పొరపాటు. అది శబ్దాన్ని తగ్గించదు, తొందరగా కాలుతుందంతే.

సౌండ్ సంగతి. వెనక మూసిన క్యాబ్‌లో బేస్ గట్టిగా, ముందుకు దూసుకొచ్చినట్టు ఉంటుంది, కానీ పక్కన నిలబడితే అంతగా వినపడదు. డిస్టార్షన్ రిఫ్‌లకి ఇదే. వెనక తెరిచినది గదంతా పరుచుకుంటుంది, బేస్ పల్చబడుతుంది, క్లీన్ టోన్‌కి హాయి. గోడకి ఆనించకండి, కనీసం ఒక అడుగు దూరం పెట్టండి. చెక్క 18 మిల్లీమీటర్ల బర్చ్ ప్లై అయితే మేలు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో పార్టికల్ బోర్డ్ తేమకి ఉబ్బి స్క్రూలు పట్టు వదిలేస్తాయి, తర్వాత ప్రతి లో-ఈ (అన్నిటికన్నా లావు తీగ) నోటుకీ గరగర.

4×12 మోజు చాలామందికి ఉంటుంది. మార్షల్ 1960ఏ 36 కిలోలు దాటుతుంది. లిఫ్ట్ లేని మూడో అంతస్తు, ఆటోలో ప్రయాణం ఒకసారి ఊహించుకుంటే 2×12 ముద్దొస్తుంది. చిన్న హాలుకి అదే ధారాళం.

సెకండ్ హ్యాండ్ తీసుకుంటుంటే మల్టీమీటర్ వెంట ఉండాలి. క్యాబ్‌కి స్పీకర్ కేబుల్ తగిలించి, రెండో కొసన జాక్ మొనకీ మొదలుకీ మధ్య ఓమ్స్ కొలవండి. రాసిన అంకె కన్నా తక్కువే వస్తుంది: 8 ఓమ్స్‌ది 6-7, 16 ఓమ్స్‌ది 12-14. 16 అని రాసిన 4×12లో 20 దగ్గరో 26 దగ్గరో చూపిస్తే నాలుగింటిలో ఒకటి పోయినట్టే. తర్వాత 9 వోల్ట్ల బ్యాటరీని అదే జాక్‌కి క్షణం తాకించండి. కోన్‌లన్నీ ఒకేవైపు కదలాలి. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ పోతే ఎవరో వైర్లు తిరగేసి సోల్డర్ చేశారు, బేస్ మాయమవుతుంది. సరిచేయడం పది నిమిషాల పని, బేరానికి మాత్రం పనికొస్తుంది. చివరగా స్పీకర్ అందితే కోన్‌ని రెండు పక్కలా వేళ్లు సమంగా ఆనించి మెల్లగా నొక్కండి. లోపల ఇసుక రాపిడి లాంటి చప్పుడొస్తే కాయిల్ రాసుకుంటోంది, వదిలేయండి.

స్టీరియో స్విచ్ ఉన్న క్యాబ్‌లతో ఇంకో తిరకాసు. 1960ఏలో మోనో అయితే 4 లేదా 16, స్టీరియో అయితే ఒక్కో వైపు 8 ఓమ్స్. స్విచ్ స్టీరియోలో ఉండగా ఒక్క జాకే తగిలిస్తే రెండు స్పీకర్లే మోగుతాయి, అవి మాత్రమే భారం మోస్తాయి.

అమెరికా నుంచి హెడ్ తెచ్చుకుని క్యాబ్ ఇక్కడ కొనేవాళ్లున్నారు, బరువు దృష్ట్యా మంచి ఆలోచనే. క్యాబ్‌కి ప్లగ్ లేదు కాబట్టి దానికి ఏ దేశమైనా ఒకటే. హెడ్ 120 వోల్ట్ల మోడలైతే మన 230కి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు.

కేబుల్ దగ్గర పీనాసితనం వద్దు. స్పీకర్ కేబుల్ బదులు గిటార్ కార్డ్ (గిటార్‌ని యాంప్‌కి కలిపే వైరు) వాడేస్తుంటారు; అది జాక్‌కి సరిగ్గా దూరుతుంది, అందుకే ఈ తప్పు జరుగుతుంది. దాని లోపలి వైరు సన్నం, పవర్‌కి వేడెక్కి ఇన్సులేషన్ కరిగి షార్ట్ అవుతుంది. ఎలక్ట్రికల్ షాపులో 1.5 స్క్వేర్ ఎంఎం టూ-కోర్ రాగి వైరు ఒకటిన్నర మీటర్లు, రెండు మోనో జాక్‌లు తెచ్చి సోల్డర్ చేసుకున్నా చాలు. ముందు ఈ కేబుల్ రెండు కొసలూ గట్టిగా తగిలించండి, సెలెక్టర్ చూసుకోండి, అప్పుడు పవర్ వేసి, ట్యూబ్ హెడ్ అయితే నిమిషమాగి స్టాండ్‌బై (ట్యూబులు వేడెక్కేదాకా శబ్దం ఆపి ఉంచే స్విచ్) తీయండి. వాయిస్తున్నప్పుడు కేబుల్ లూజై శబ్దం ఆగితే జాక్ కదిపి చూడకుండా, ముందు స్టాండ్‌బై మీదకి వేయండి.