లూయిజియానా వెనిస్‌లో చలికాలపు ట్యూనా, వాహూ వేటకు ఏర్పాట్లు

హ్యూస్టన్, డాలస్ నుంచి కారులో వెళ్ళి లోతు సముద్రంలో పెద్ద చేప పట్టాలనుకునే మనవాళ్ళకు జనవరి మధ్య నుంచి మార్చి దాకా వెనిస్‌ను మించిన రేవు లేదు. న్యూఆర్లీన్స్ నుంచి 23వ నంబరు హైవే మీద దక్షిణంగా దాదాపు 75 మైళ్ళు వెళ్తే రోడ్డు అక్కడితో సరి. మిసిసిపి నది ముఖానికి దక్షిణాన సముద్రంలో మిడ్‌నైట్ లంప్ అనే గుట్ట ఉంది. భూగర్భంలోని ఉప్పు పైకి తన్నుకొచ్చి, 400 అడుగుల లోతున్న చోట నేలను దాదాపు 200 అడుగులకు లేపింది. ప్రవాహం దానికి తగిలి పైకి లేస్తుంది, చిన్న చేపలు మూగుతాయి, వాటికోసం ఎల్లోఫిన్, బ్లాక్‌ఫిన్ ట్యూనాలూ వాహూలూ వస్తాయి. ట్యూనా మన తీరంలో సూర, వాహూ వంజరానికి దగ్గరి చుట్టం.

ఈ కాలంలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది గాలి. వారానికి ఒకటి రెండు సార్లు ఉత్తరం నుంచి చలిగాలుల తెర దిగుతుంది. అది దాటిన రెండు మూడు రోజులు సముద్రం కల్లోలంగా ఉంటుంది, తర్వాత ఒకటి రెండు రోజులు సద్దుమణుగుతుంది, మళ్ళీ ఆగ్నేయపు గాలి ఎత్తుకుంటుంది. బోటెక్కాల్సింది ఆ మధ్య రోజుల్లోనే. అందుకే ఒక్క శనివారం మీద ఆశ పెట్టుకోకుండా, మూడు రోజులు సెలవు పెట్టి అందులో ఒక రోజు ఎంచుకునేలా మాట్లాడుకోండి. నది ముఖానికి తూర్పున ఉన్న 42040 నంబరు వాతావరణ బోయా (సముద్రంలో తేలుతూ గాలినీ అలలనూ కొలిచే పరికరం) లెక్కలు నాలుగు రోజుల ముందు నుంచీ చూస్తూ ఉండండి. అల ఎత్తు ఒక్కటే చూస్తే మోసపోతారు. ఎనిమిది సెకన్లకొకటి వచ్చే నాలుగడుగుల అల మీద బోటు హాయిగా సాగుతుంది, నాలుగు సెకన్లకొకటి వచ్చే మూడడుగుల అల నడుము విరగ్గొడుతుంది.

ఆగ్నేయపు గాలితో ఇంకో చిక్కు పొగమంచు. వెచ్చని తేమగాలి చల్లటి నది నీటి మీదికి రాగానే ముందున్న ఓడ కూడా కనపడదు, ఆ నదిలో తిరిగేవేమో భారీ సరకు ఓడలు. కెప్టెన్ తెల్లవారుజామున రెండు గంటలు ఆగుదామంటే తొందర పెట్టవద్దు.

చార్టర్ బోటులో, అంటే కెప్టెన్‌తో సహా అద్దెకిచ్చే బోటులో, సాధారణంగా ఆరుగురికే చోటు. బుక్ చేసేటప్పుడు మూడు విషయాలు అడగండి: వాతావరణం బాగాలేక రద్దయితే అడ్వాన్సు వెనక్కిస్తారా లేక వేరే తేదీ ఇస్తారా, ఇంధనం ధరలోనే ఉందా, చేప శుభ్రం చేసే ఖర్చు ఎవరిది. బోటులో సాయం చేసే డెక్‌హ్యాండ్‌కు 15 నుంచి 20 శాతం టిప్పు వేరే. ట్యూనా పర్మిట్ చార్టర్‌దే ఉంటుంది, సొంత బోటయితే ఫెడరల్ పర్మిట్ మీరే తీసుకోవాలి. ఎల్లోఫిన్ మనిషికి రోజుకు మూడు, పొడవు కనీసం 27 అంగుళాలు. బ్లూఫిన్ ట్యూనాను గురిపెట్టి పట్టడం అక్కడ నిషేధం. వెళ్ళే ముందు ఆ సంవత్సరపు నియమాలు, లూయిజియానా లైసెన్సు సరిచూసుకోండి.

కడుపు సంగతి. బోటులో కడుపు తిప్పకుండా వేసుకునే మెక్లిజిన్ లాంటి మాత్ర మీకు పడితే ముందు రాత్రి ఒకటి, బయల్దేరే గంట ముందు ఒకటి. ఒకసారి వాంతి మొదలయ్యాక వేసుకుంటే పనిచేయదు. పొద్దున రెండు ఇడ్లీలో అరటిపండో తినండి, ఖాళీ కడుపు కూడా తిప్పుతుంది. పులిహోర, వేపుళ్ళు మధ్యాహ్నానికి దాచుకోండి.

ఎక్కువ బోట్లు పొద్దున్నే వాహూతో మొదలుపెడతాయి. చమురు రిగ్గుల చుట్టూ, నీలి నీరూ పచ్చ నీరూ కలిసే గీత వెంట కృత్రిమ ఎరలు లాగుతారు. మూతి దగ్గర పలక ఉన్న చేప ఆకారపు ఎరలకు ఏడు నుంచి తొమ్మిది నాట్ల వేగం చాలు. బరువైన తలల ఎరలయితే పన్నెండు నాట్లు దాటొచ్చు. ఊదా-నలుపు, నారింజ-నలుపు రంగులు బాగా పనిచేస్తాయి. లీడర్ (దారం చివర, ఎరకు ముందు కట్టే గట్టి ముక్క) తీగదే ఉండాలి, నైలాన్ లీడర్‌ను వాహూ పళ్ళు బ్లేడులా కోసేస్తాయి. చేప తగలగానే బోటు ఆపడం చాలామంది చేసే తప్పు. దారం వదులైతే కొక్కెం ఊడిపోతుంది, కాబట్టి ఇంజిన్ గేరులోనే ఉంచి మెల్లగా ముందుకు పోనివ్వాలి. బోటులోకి వచ్చాక వాహూ దగ్గరికి చెయ్యి తీసుకెళ్ళకండి. మూడు కొనల కొక్కేలు దాని నోట్లోంచి ఊగుతుంటాయి.

ట్యూనాకు పోగీ లేదా బొనీటో అనే ఎర చేపను బొటనవేలంత ముక్కలు చేసి, రెండు మూడేసి నీళ్ళలో వేస్తారు. అవి కనుమరుగయ్యాకే తర్వాతి పిడికెడు. ఎక్కువ వేస్తే ట్యూనా కడుపు నిండుతుంది, సొరలూ చేరతాయి. 60 నుంచి 80 పౌండ్ల బలమున్న ఫ్లోరోకార్బన్ లీడర్‌కు 7/0 నుంచి 9/0 సైజు సర్కిల్ కొక్కెం (మొన లోపలికి వంగిన గుండ్రటి కొక్కెం). కొక్కెం ఎక్కువ భాగం ముక్కలో దాగాలి. మిగతా ముక్కలు ఎంత వేగంగా దిగుతున్నాయో ఇదీ అంతే వేగంగా దిగాలి, రీలు వదులుగా ఉంచి చేత్తో దారం ఇస్తూ పోవాలి. దారం బిగిస్తే ముక్క పైకి లేస్తుంది, ట్యూనా కంటికి అది వెంటనే తేడా. దారం చేతిలోంచి పరుగెత్తగానే ఐదు లెక్కపెట్టి, రీలు బిగించే లివరు ముందుకు నెట్టండి. గుంజవద్దు, గుంజితే సర్కిల్ కొక్కెం నోట్లోంచి జారి వచ్చేస్తుంది. రీలు బిగువు దారం బలంలో మూడో వంతు మించకూడదు.

పట్టిన చేప విలువ తర్వాతి పది నిమిషాల్లో తేలుతుంది. పోరాటంలో ట్యూనా ఒళ్ళు వేడెక్కుతుంది, వదిలేస్తే మాంసం పాలిపోయి పులుపెక్కుతుంది. వెంటనే మెదడులో గుచ్చి, పక్క రెక్క మొదలుకు మూడు వేళ్ళ వెనక రెండు వైపులా గాటు పెట్టి, మొప్పలు కోసి రక్తం తీయాలి. ఆ తర్వాత పేగులు తీసి, రెండు వంతుల ఐసుకు ఒక వంతు సముద్రపు నీళ్ళు కలిపిన జావలో ముంచాలి. వట్టి ఐసు మీద పెడితే తగిలిన చోటే చల్లబడుతుంది.

ఆరుగురికి వంద క్వార్టుల కూలర్లు రెండు కారులో సిద్ధంగా ఉంచండి. ముక్కలు సంచుల్లో గట్టిగా మూసి ఐసు మధ్య పేర్చాలి. కూలర్ కన్నం తెరిచి కరిగిన నీళ్ళు పోనిచ్చి, దారిలో ఐసు మళ్ళీ నింపాలి. 4 డిగ్రీల సెల్సియస్ పైన గంటల తరబడి ఉంటే ట్యూనాలో హిస్టమిన్ తయారవుతుంది. పులుసులో ఎంత మరిగించినా అది పోదు. తిన్నాక ముఖం ఎర్రబడి, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. ఇంటికి చేరాక రెండు రోజుల్లో తినేది ఫ్రిజ్‌లో, మిగతాది గాలి తీసి ప్యాక్ చేసి ఫ్రీజర్‌లో పెట్టండి.