ఎర్రనీళ్లు రాకముందే టేపులు రాసి పెట్టుకోండి

ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి మా కోనసీమలో పెళ్లి వీడియోలు తీసేవాళ్లకి కాస్త తీరిక దొరుకుతుంది, గోదావరికి వరద ఎర్రనీళ్లు తగిలేదీ దాదాపు ఆ రోజుల్లోనే. డిస్కుల్లో ఉన్న ఫుటేజీని ఎల్‌టీఓ టేపులకి (కంప్యూటర్ డేటా దాచుకునే క్యాసెట్లు) ఎక్కించాలంటే ఇప్పుడే కూర్చోండి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక ఇచ్చాక చూద్దాంలే అంటే కుదరదు. ఎల్‌టీఓ-6 టేపు నిండడానికి, డ్రైవ్ సెకనుకి 160 ఎంబీ చొప్పున ఆగకుండా రాసినా, నాలుగు గంటలు దాటుతుంది, రాసింది చదివి సరిచూడటానికి ఇంకో నాలుగు, ఈలోపు కరెంటు ఎన్నిసార్లు పోతుందో మీకు తెలిసిందే.

అసలు భయం ఆ కరెంటుతోనే. ఒకసారి ఒకే టేపు మీద ‘టార్’తో (ఫైళ్లన్నీ ఒకే కట్టగా రాసే లినక్స్ కమాండ్) మూడు పెళ్లిళ్లు రాశాను, నాలుగోది మొదలుపెట్టేలోపు కరెంటు పోయింది. టేప్ డ్రైవ్‌కి లినక్స్‌లో ఉండే రెండు పేర్లలో వాడేది రివైండ్ చెయ్యని ‘ఎన్‌ఎస్‌టీ0’ డివైసే కదా, ఆగిన చోటి నుంచే రాస్తుందిలే అనుకుని కరెంటు రాగానే కమాండ్ కొట్టేశాను. కానీ డ్రైవ్ మళ్లీ ఆన్ అయ్యేటప్పుడు టేపుని మొదటికి తిప్పేసింది. నాలుగో పెళ్లి మొదటిదాని మీద పడింది, దాని చివర ‘డేటా అయిపోయింది’ అన్న గుర్తు పడటంతో మిగతా రెండూ టేపు మీదే ఉన్నా డ్రైవ్ ఆ గుర్తు దాటి వెళ్లలేదు. డిస్కులు అప్పటికే ఖాళీ చేసేశాను. ఒకమ్మాయి అప్పగింతలు అందులోనే పోయాయి, వాళ్ల నాన్నగారికి ఆ మాట చెప్పడానికి నాకు వారం పట్టింది.

అందుకే రాసే ప్రతిసారీ ముందు టేపుని జరిపే ‘ఎంటీ’ కమాండ్‌తో ‘ఈఓడీ’ (డేటా చివరికి వెళ్లమని) ఇచ్చి, ‘స్టేటస్’లో ఫైల్ నంబర్ చూడండి. ‘టార్’ ఒక్కోసారి రాసింది ఒక్కో ఫైల్, లెక్క 0 నుంచి మొదలవుతుంది, మూడు రాసి ఉంటే 3 కనపడాలి. మీరు కాగితం మీద రాసుకున్నదానితో కలిస్తేనే ‘టార్’ నడపండి. డ్రైవ్ రెండో పేరు ‘ఎస్‌టీ0’ జోలికి వెళ్లొద్దు, పని అవగానే అది రివైండ్ అయిపోతుంది. యూపీఎస్ కంప్యూటర్‌కి ఒక్కదానికే కాదు, టేప్ డ్రైవ్‌కీ బయటి డిస్కుకీ కూడా ఉండాలి.

టేపు పెట్టె మీద 6.25 టీబీ అని ఉంటుంది, అది డేటాని కంప్రెస్ చేస్తే పట్టే లెక్క, నమ్మొద్దు. వీడియో ముందే కంప్రెస్ అయి ఉంటుంది కాబట్టి మనకి దక్కేది 2.5 టీబీయే. బ్లాక్ సైజ్ (టేపు మీద ఒక్కోసారి రాసే ముక్క సైజు) ఎంత ఇచ్చారో లేబుల్ మీద రాయండి, చదివేటప్పుడు అంతకంటే చిన్నది ఇస్తే ఎర్రర్ వస్తుంది, టేపు పాడైందని అనవసరంగా టెన్షన్ పడతారు. డిస్కు నెమ్మదిగా ఇస్తుంటే టేపు ఆగి, వెనక్కెళ్లి, మళ్లీ ముందుకొస్తూ అరిగిపోతుంది, మధ్యలో డేటాని మెమరీలో పోగేసి పంపే ‘ఎంబఫర్’ పెడితే సర్దుకుంటుంది.

రాయడం అయ్యాక ‘ఎంటీ’లోని ‘ఏఎస్‌ఎఫ్’తో ఆ ఫైల్ నంబర్‌కి వెళ్లి, ‘టార్’లోని ‘కంపేర్’తో డిస్కుతో పోల్చి చూడండి. అది తేడా లేకుండా ముగిసేదాకా డిస్కులో ఒక్క ఫైలూ తీసెయ్యొద్దు, ఎంత ఖాళీ అవసరమైనా సరే. టేపు నిండాక, దాని మీద ఇంకేం రాయకుండా మూలనున్న లాక్ జరిపేయండి.

టేపుల రెండో కాపీ సెట్ ఊళ్లో పెట్టుకోవద్దు. 1996 నవంబరు తుఫాను చూసినవాళ్లకి ఎందుకో చెప్పక్కర్లేదు. మాది రాజమండ్రిలో అక్కావాళ్ల మేడ మీద గదిలో, కేసుల్లో నిలబెట్టి ఉంటుంది. అక్కడి నుంచి తెచ్చిన టేపుని వచ్చిన వెంటనే డ్రైవ్‌లో పెట్టకండి, ఈ ఉక్కలో లోపల చెమ్మ పట్టి ఉండొచ్చు, డ్రైవ్ ఉన్న గదిలోనే ఒక రోజంతా వదిలేసి అప్పుడు ఎక్కించండి.