ఇంజెక్టర్ నీళ్లు ఎత్తకపోతే

వేల్స్‌లో వాలంటీర్లు నడిపే నేరోగేజ్ లైన్లో పాత ఆవిరి ఇంజన్. బాయిలర్లోకి నీళ్లు ఎక్కించే ఇంజెక్టర్ తెరిస్తే ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి ఆవిరి, నీళ్లు చిమ్మడమే తప్ప బాయిలర్లోకి చుక్క ఎక్కదు. ట్యాంకు నీళ్లు చల్లగానే ఉన్నాయి, ఫిల్టర్ శుభ్రం. కానీ ఇంజెక్టర్ మూసి ఉన్నా డెలివరీ పైపు కాలిపోతోంది, అంటే బాయిలర్ నీళ్లు వెనక్కి రాకుండా ఆపే క్లాక్ వాల్వ్ కారుతోంది. 1858లో ఫ్రెంచ్ ఇంజనీర్ జిఫార్డ్ పేటెంట్ చేసిన ఈ ఇంజెక్టర్లో ఆవిరి చల్లబడి నీరైతేనే లాగే బలం పుడుతుంది. వెనక్కొచ్చిన వేడినీళ్లు దాన్ని చంపేస్తాయి.

ప్రెషర్ సున్నాకి వచ్చి, బాయిలర్ చల్లారాకే క్లాక్ విప్పాలి. ఇందులో తొందర అస్సలు పనికిరాదు. వాల్వ్‌నీ సీటునీ సన్నని గ్రైండింగ్ పేస్టుతో నూరాను; చుట్టూ ఎక్కడా తెగని బూడిదరంగు వలయం కనబడ్డాక పేస్టంతా తుడిచేశాను. ఇంజెక్టర్ లోపలి కోన్లకు (ఆవిరి, నీళ్లు దూసుకెళ్లే సన్నని గొట్టాలకు) పట్టిన సున్నాన్ని మాత్రం గీకకండి, సిట్రిక్ యాసిడ్ నీళ్లలో నానబెట్టండి. రంధ్రం కాస్త పెద్దదైతే ఆ కోన్ మార్చాల్సిందే. ట్యాంకు నుంచి నీళ్లు లాగే సక్షన్ పైపు జాయింట్లూ బిగించండి, గాలి లాగితే మళ్లీ ఇదే తంతు.