పుంజుని పెట్టలతో జత కట్టేముందు ఒక్కసారి ఇది చదవండి: మందేసి బాగుచేసిన పుంజు వద్దు

మొన్న తెలిసినతను ఫోన్ చేశాడు, పొదిగించిన పిల్లలు ఒక్కోటీ పోతున్నాయంట, ఉన్నవి కూడా ముక్కులు కారుతూ గురగురమంటున్నాయంట. ఇంక్యుబేటర్‌లో ఏదో తేడా అని అతని అనుమానం. పుంజు ఎలాంటిదని అడిగితే అప్పుడు బయటపెట్టాడు, "రెండు నెల్ల క్రితం జలుబు చేసిందన్నా, మందేస్తే తగ్గిపోయింది, ఇప్పుడు సూపర్‌గా ఉంది" అని. ఇంకేం అడగలేదు నేను.

రంగు, జుట్టు, తోక మీ జాతికి తగ్గట్టు ఉండాలని మీకు తెలుసు, అది వదిలేస్తున్నా.

ముందు ఆరోగ్యం. ముక్కు కారి గురక తెచ్చే మైకోప్లాస్మా లాంటి జబ్బుకి మందేస్తే గురక ఆగుద్ది, క్రిమి మాత్రం ఒంట్లోనే ఉండిపోవచ్చు. పుంజు నుంచి పెట్టలకి, పెట్ట నుంచి గుడ్డులోకి, గుడ్డు నుంచి పిల్లకి. తెల్ల పారుడు తెచ్చే పుల్లోరం కూడా గుడ్డులోంచే దిగుద్ది, తట్టుకుని బతికిన పెట్ట పైకి నిక్షేపంలా ఉంటుంది. నేనూ చేశానండీ ఈ పని, తోక అందం చూసి మోసపోయి, మందేసి బాగుచేసిన పుంజుని జత కట్టి ఒక సీజన్ మొత్తం పోగొట్టుకున్నా. రాత్రి కోళ్లు సర్దుకున్నాక పుంజుని చంకలో పెట్టుకుని వీపుకి చెవి ఆనించి వినండి. కంటి మూల నురగ ఉందా చూడండి. భుజం దగ్గర ఈకలు జిగటగా, మట్టి అంటుకుని ఉంటే అది ముక్కు తుడుచుకుంటోందని అర్థం.

తర్వాత ఎముకలు. ఈకలు అన్నీ కప్పేస్తాయి, చేత్తో తడమాల్సిందే. కత్తెర ముక్కు, గూని వీపు, ఒక పక్కకే ఒరిగే తోక, ఇవుంటే పక్కన పెట్టండి. వంకర వేళ్లు పొదిగేటప్పుడు వేడి తేడా వల్ల కూడా వస్తాయి, కానీ చూసి ఏది దేనివల్లో చెప్పలేం కాబట్టి అవీ వద్దు.

ఇక మిగతావి గుర్తొచ్చినట్టు చెప్పేస్తా. కొత్త కోడిని నెల రోజులు దూరంగా ఉంచండి. పుంజుని మార్చాక కనీసం మూడు వారాలు ఆ గుడ్లు పొదగేయొద్దు, పాత పుంజు బీజం పెట్టలో అన్నాళ్లు ఉంటుంది, జాతి కలిసిపోయాక ఎవర్నీ అనొద్దు. ఒకే పొదుగు అన్నాచెల్లెళ్లని జత కట్టొద్దు. పుంజుకి ఎనిమిది పది పెట్టలు చాలు, బరువు జాతైతే ఇంకా తగ్గించండి. పుంజు కాళ్ల వెనక ముళ్లు పొడుగ్గా ఉంటే మొన కత్తిరించండి, లేకపోతే పెట్టల వీపులు చీరేస్తాయి. కింద ఈకల మొదట్లో పేల గుడ్లు చూడండి. కొత్తగా గుడ్లకొచ్చిన పెట్ట చిన్న గుడ్లు పొదగేయొద్దు. అమ్మేవాడు "ఒక్కసారే జబ్బు చేసింది" అంటే వెనక్కి వచ్చేయండి. పుంజుకి మందేశారా అని అడగండి, రెండుసార్లు అడగండి. మందేసి బాగుచేసింది వద్దు, ఎంత అందంగా ఉన్నా వద్దు, ఊరికే ఇచ్చినా వద్దు.

నా పుంజు ఇంకా ఉంది, చంపబుద్ధి కాలేదు. వేరే షెడ్డులో ఒంటరిగా ఉంటుంది, దానికి మేత అన్నిటికన్నా ఆఖర్న వేస్తా, వేసొచ్చాక చెప్పులు కూడా అక్కడే వదిలేస్తా.