షేరు కొనే ముందు కంపెనీ డైరెక్టర్ల బోర్డును చదవడం ఎలా?

మా బావమరిదికి ఏ షేరైనా నచ్చితే ముందు నాకే ఫోన్ చేస్తాడు. "బోర్డులో మాజీ ఐఏఎస్ ఉన్నాడు బావా, పెద్ద ప్రొఫెసర్ ఉన్నాడు, ఇంకేం కావాలి?" అంటాడు. సత్యం కంప్యూటర్స్ బోర్డు గుర్తుందా అని అడుగుతాను. హార్వర్డ్ ప్రొఫెసర్, ఐఎస్‌బీ డీన్, కేంద్రంలో కేబినెట్ సెక్రటరీగా చేసినాయన, ఐఐటీ ఢిల్లీ మాజీ డైరెక్టర్, అందరూ అందులో ఉన్నవాళ్లే. 2008 డిసెంబర్ 16న ఆ బోర్డే, ప్రమోటర్ (కంపెనీని పెట్టి, పగ్గాలు పట్టుకున్న యజమాని) కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనడానికి సరేనంది. ఇన్వెస్టర్లు భగ్గుమంటే గంటల్లోనే వెనక్కి తగ్గారు. మూడు వారాలకు, 2009 జనవరి 7న, లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్లు లేనేలేవని చైర్మన్ రామలింగరాజు గారి ఉత్తరం బయటికొచ్చింది.

కాబట్టి బయోడేటాలు పక్కన పెట్టండి. బాంబే స్టాక్ ఎక్స్ఛేంజీ (బీఎస్ఈ) సైట్లో కంపెనీ వార్షిక నివేదిక దించుకుని, చైర్మన్ సందేశం, ఫోటోలు దాటేసి, నేరుగా బోర్డు వివరాలుండే కార్పొరేట్ గవర్నెన్స్ రిపోర్టుకు వెళ్లండి.

మన దగ్గర చాలా లిస్టెడ్ కంపెనీల పగ్గాలు ఒక కుటుంబం చేతిలో ఉంటాయి. అందుకే చూడాల్సింది ఒక్కటే: ప్రమోటర్ సొంత లాభం విషయం వచ్చినప్పుడు ఆయనకు అడ్డు చెప్పగలవాళ్లు ఎవరున్నారు? చైర్మన్ ప్రమోటర్ మనిషైతే బోర్డులో కనీసం సగం మంది ఇండిపెండెంట్ డైరెక్టర్లు (ప్రమోటర్‌తో, కంపెనీతో డబ్బు సంబంధం లేని బయటివాళ్లు) ఉండాలన్నది మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన. కాగితం మీద దాదాపు అందరూ దీన్ని పాటిస్తారు. నేను వాళ్ల పాత ఉద్యోగాలు చూస్తాను. ఒకే గ్రూపులోని కంపెనీల మధ్య తిరిగే పేర్లు కనిపిస్తే నాకు నమ్మకం సగానికి పడిపోతుంది. ఇండిపెండెంట్ డైరెక్టర్‌కు ఐదేళ్ల చొప్పున వరుసగా రెండు పదవీకాలాలే. అవి అయ్యాక అదే మనిషి పక్క కంపెనీ బోర్డులో తేలాడేమో చూడండి.

తర్వాత హాజరు పట్టిక. ఏడాదికి కనీసం నాలుగు బోర్డు మీటింగులు జరగాలి. వాటిలో సగానికి కూడా రానివాళ్లను లెక్కలోంచి తీసేసి, మిగిలినవాళ్లతో బోర్డును మళ్లీ ఊహించుకోండి. నేను కంపెనీ సెక్రటరీ ఆఫీసులో మినిట్స్ (మీటింగులో జరిగినదాని రికార్డు) టైపు చేసినవాణ్ణి. "చర్చించిన మీదట ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అన్న వాక్యం మా కంప్యూటర్లలో ముందే ఉండేది, తేదీ మారిస్తే చాలు. లెక్కలు సరిచూసే ఆడిట్ కమిటీలో మూడింట రెండు వంతులు ఇండిపెండెంట్లు ఉండాలి. వాళ్లలో బ్యాలెన్స్ షీట్ చదవగలవాళ్లు ఎంతమంది ఉన్నారన్నది నాకు ముఖ్యం.

ఎక్కువ సమయం మాత్రం రిలేటెడ్ పార్టీ లావాదేవీల (ప్రమోటర్‌తో, ఆయన బంధువులతో, వాళ్ల కంపెనీలతో జరిగే ఇచ్చిపుచ్చుకోవడాల) నోట్ మీద పెట్టండి. పీడీఎఫ్ సెర్చ్‌లో ఆ మాట ఇంగ్లిష్‌లో కొట్టి, ఈ ఏడాది, నిరుటి అంకెలు పక్కపక్కన పెట్టుకోండి. ప్రమోటర్ భవనానికి అద్దె, బ్రాండ్ వాడినందుకు రాయల్టీ, ఆయన సొంత కంపెనీకి ఇచ్చిన అప్పు, బంధువుల జీతాలు. అమ్మకాలు పది శాతం పెరిగి రాయల్టీ రెట్టింపైందంటే ఆడిట్ కమిటీ ఏం అడిగిందో నాకు అర్థం కాదు. మంచి బోర్డు ఉన్నంత మాత్రాన సరుకు ఎక్కువ అమ్ముడుపోదు. వచ్చిన లాభం ఇలా పక్కదారి పట్టకుండా ఆపగలదు, చిన్న వాటాదారుకు అదే పెద్ద తేడా.

మహిళా డైరెక్టర్ విషయంలోనూ ఇదే చూపు. ప్రమోటర్ భార్యో, కోడలో అయితే బోర్డులో ఒక మహిళ ఉండాలన్న చట్టానికి సరిపోవచ్చు గాని, మనకు ఒరిగేదేమీ లేదు. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి కంపెనీలకు ఇండిపెండెంట్ మహిళ తప్పనిసరి చేసింది అందుకే.

రాజీనామాలు వదలకండి. ఇండిపెండెంట్ డైరెక్టర్ మధ్యలో వెళ్లిపోతే వివరమైన కారణాలను ఏడు రోజుల్లో స్టాక్ ఎక్స్ఛేంజీకి తెలపాలి. "వ్యక్తిగత కారణాలు" అని ఒక్కరు రాస్తే సరే, ఏమైనా ఇబ్బంది ఉండొచ్చు. కొద్ది నెలల్లో ఇద్దరు వెళ్లి, వెనకే ఆడిటర్ కూడా తప్పుకుంటే నేను ఇక ఫలితాల కోసం ఆగను, అమ్మేస్తాను.

షేర్లు ఇప్పటికే ఉంటే ఓటు వేయండి. 2022 జనవరి నుంచి ఇండిపెండెంట్ డైరెక్టర్ నియామకానికి ప్రత్యేక తీర్మానం పెట్టాలి, అంటే పోలైన ఓట్లలో 75 శాతం కావాలి; అది రాకపోయినా, మొత్తం ఓట్లలోనూ, ప్రమోటర్లు కానివాళ్ల ఓట్లలోనూ సగానికి మించి అనుకూలంగా పడితే నియామకం నిలుస్తుందని 2022 నవంబర్‌లో సడలించారు. ప్రమోటర్ దగ్గర సగం వాటానే ఉన్నచోట మిగతావాళ్ల మాటకు విలువుంది. వార్షిక సమావేశం నోటీసు మెయిల్‌కు వస్తుంది, ఎక్కువమంది తెరవకుండానే తీసేస్తారు. ఈ-ఓటింగ్ కనీసం మూడు రోజులు తెరిచి ఉంచి, సమావేశానికి ముందురోజు సాయంత్రం 5 గంటలకు మూసేస్తారు.