రొకోకో డబ్బీ – నాలుగో పాఠం: చీలిన ఆల్చిప్ప

రొకోకో అంటే పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి అలంకార శైలి. ఆ శైలి డబ్బీ మూత కోసం రాగి రేకును సుత్తితో కొట్టి, ఉబ్బెత్తుగా లేపిన ఆల్చిప్ప బొమ్మల ఫొటోలు మీరు పంపారు, అన్నీ చూశాను. దాదాపు అన్నింటికీ ఒకటే జబ్బు: ఆల్చిప్ప ఎక్కువగా ఉబ్బిన చోట రేకు చీలింది. తప్పు సగం నాదే. గత పాఠంలో "మధ్యమధ్యలో కాల్చండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను. అందుకని మూత మడత బందు పాఠం ఈసారికి పక్కన పెడదాం.

రాగిని కొట్టేకొద్దీ గట్టిపడుతుంది. గట్టిపడ్డాక ఇక సాగదు, చీలుతుంది. ఎన్ని దెబ్బలకని లెక్క అడగకండి, చెవితో పట్టుకోండి. మెత్తని రేకు 'టప్' మంటుంది. 'టంగ్' అనడం మొదలుపెట్టిందా, సుత్తి కింద పెట్టేయండి. కొట్టేటప్పుడు రేకు కింద ఆనుగా ఉండే గుగ్గిలం మీంచి రేకు ఊడదీసి, అంటుకున్నదంతా తుడిచి, మంట మీద కాల్చాలి. అప్పుడే మళ్ళీ మెత్తబడుతుంది. గదిలో లైటు తగ్గించుకోండి; ఎక్కువ వెలుతురులో మసక ఎరుపు కంటికి ఆనదు. ఆ ఎరుపు రాగానే నీళ్ళలో వేయండి. "నీళ్ళలో వేస్తే గట్టిపడదా?" అని అడిగారు. అది ఉక్కు సంగతి. రాగి మెత్తగానే ఉంటుంది.

కాల్చినప్పుడు పట్టే నల్లటి పొర పోవడానికి పలుచటి ఆమ్లం వాడమంటారు. నేను మాత్రం చింతపండు, ఉప్పు వేసి రుద్దుతాను. తడి పూర్తిగా ఆరాకే వేడి గుగ్గిలం మీద పెట్టండి. లేదంటే చిందుతుంది.

ఇక నాకు విసుగు తెప్పించేది: ఎత్తు. పోటీ పడి లేపారు. ఒకరి ఆల్చిప్ప అచ్చం బూరెలా ఉంది! మనం చేసేది గోడకు తగిలించే పళ్ళెం కాదు. 1740ల పారిస్‌లో ఇది ముక్కుపొడి డబ్బీ. వెయిస్ట్‌కోటు జేబులో ఇమడాలి. చొక్కా చేతుల అంచున ఉండే లేసుకు తగులుకోకూడదు. నలుగురిలో డబ్బీ తీసి, మూత తెరిచి, పక్కవాడికి చిటికెడు అందించడమే ఒక మర్యాద. ఆ కాసేపూ అందరి చూపూ మూత మీదే. బొటనవేలు దాని మీద నున్నగా జారాలి.

మరి లోతు ఎలా కనపడాలి? మెరుపుతో. ఆల్చిప్ప గీతలకు మెరుగు పెట్టి, చుట్టూ ఖాళీ జాగా అంతా సన్నటి చుక్కలు కొట్టి మెరుపు చంపేవారు. బంగారం మీదైతే రంగులతో కూడా: రాగి కలిపితే ఎర్ర ఛాయ, వెండి కలిపితే ఆకుపచ్చ ఛాయ. మన 0.6 మిల్లీమీటర్ల రేకు మీద 1.5 మిల్లీమీటర్ల ఎత్తు చాలు. అంతకు మించితే నాకు నచ్చదు.

రాజు బొమ్మ ఉన్న డబ్బీలైతే ముక్కుపొడికంటే కానుకగానే ఎక్కువ పనికొచ్చేవి. ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ కాలంలో రాయబారులకు వాటిని బహుమతిగా ఇచ్చేవారు. పుచ్చుకున్నవాళ్ళలో కొందరు నగల వ్యాపారికే తిరిగిచ్చి డబ్బు తీసుకునేవారు. అదే డబ్బీ మళ్ళీ ఇంకొకరికి బహుమతి! మన పెళ్ళిళ్ళలో ఇల్లిల్లూ తిరిగే పెట్టుబడి చీరల్లాగే.

అభ్యాసం: మూడు ఆల్చిప్పలు చేయండి. రెండు నేను చెప్పినట్టు కాలుస్తూ. మూడోదాన్ని అసలు కాల్చకుండా, చీలేదాకా కొట్టండి. 'టంగ్' వినిపించాక ఎన్నో దెబ్బకు చీలిందో లెక్కపెట్టి నాకు రాయండి.