మీ ఊరి పొలాల, రైతు కుటుంబాల చరిత్ర రాయడం ఎలా?

ఊరి చరిత్ర రాయమంటే చాలామంది గుడితోనో, జమీందారు కోటతోనో మొదలుపెడతారు. నా మాట వింటే పొలంతో మొదలుపెట్టండి. ఒక్క సర్వే నంబరు పట్టుకుని నూరేళ్ళు వెనక్కి నడిస్తే దున్నినవాళ్ళు, కొన్నవాళ్ళు, తాకట్టు విడిపించుకోలేక వదులుకున్నవాళ్ళు, ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద రాసిచ్చినవాళ్ళు వరసగా ఎదురవుతారు. కృష్ణా డెల్టాలోని మా ఊరి కోసం మూడేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. నాకు పనికొచ్చిన దారి ఇది.

1. ముందు చేలమీదికి వెళ్ళండి

ఆఫీసుకు కాదు, పొలానికి. ఊళ్ళో పెద్దవయసు రైతు ఒకరిని, పశువులు కాసిన మనిషి ఒకరిని వెంటబెట్టుకుని గట్లమీద తిరగండి. ప్రతి చెక్కకూ ఊరివాళ్ళు పిలిచే పేరు రాసుకోండి. మా ఊళ్ళో జువ్విమాను చెక్క ఉంది, జువ్విమాను లేదు. గానుగ దిబ్బ ఉంది, గానుగ లేదు. అక్కడ చెరకు ఆడేవారని, బెల్లం వండే రోజుల్లో పిల్లలంతా అక్కడే ఉండేవారని ఒక పెద్దాయన చెప్పేదాకా ఆ చుట్టుపక్కల ఎప్పుడో చెరకు పండిందని మా తరానికి తెలియదు. ఈ పేర్లు చాలావరకు రికార్డుల్లో ఉండవు. ఆ పెద్దవాళ్ళు పోతే వాళ్ళతోపాటే పోతాయి. అందుకే ఇది మొదటి పని.

2. ఊరి పటం, పాత రిజిస్టరు సంపాదించండి

తహశీల్దారు ఆఫీసులో గ్రామ పటం, పొలాల కొలతలుండే ఎఫ్.ఎం.బి. నకళ్ళు అడగండి. ఆంధ్ర ప్రాంతంలో అసలు ఆధారం రీసర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరు, అంటే ఆర్.ఎస్.ఆర్. తెలుగు, ఇంగ్లీషు రెండూ పక్కపక్కన ఉంటాయి కాబట్టి డైగ్లాట్ అని కూడా అంటారు. ప్రతి నంబరుకూ విస్తీర్ణం, మాగాణా మెట్టా, శిస్తు కట్టే జిరాయితీనా, సేవకో దానంగానో ఇచ్చిన ఇనామా, శిస్తు ఎంత, పట్టాదారు ఎవరు అన్నవి అందులో ఉంటాయి. కొన్నిచోట్ల పేరుండాల్సిన గడిలో చుక్కలు కనిపిస్తాయి. జనం చుక్కల భూములు అనేది వీటినే.

తెలంగాణలో అయితే సేత్వార్ అనే తొలి సర్వే రిజిస్టరు, ఆ తర్వాత ఏ పొలం ఎవరి చేతిలో ఉందో రాసిన 1954-55 ఖాస్రా పహాణీ చూడాలి. నిజాం కాలపు కాగితాలు చాలావరకు ఉర్దూలో ఉంటాయి, చదివిపెట్టే మనిషిని ముందే చూసుకోండి. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు కూడా ఒకసారి వెళ్ళిరండి. నకలు ఇవ్వడానికి తిప్పుతుంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు చెప్పాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ఇటీవల రీసర్వే పూర్తయిన ఊళ్ళలో సర్వే నంబర్ల బదులు ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. పాత నంబరుకు కొత్త నంబరు ఏదో పట్టిక వేసుకోకపోతే ముందుముందు రెండూ కలపలేరు.

3. బై నంబర్లు చదవడం నేర్చుకోండి

పాత రిజిస్టర్లలో ఫసలీ సంవత్సరాలుంటాయి, అంటే శిస్తు లెక్కల సంవత్సరాలు. ఆంధ్ర ప్రాంతంలో ఫసలీ జూలై 1న మొదలవుతుంది, దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1364 ఫసలీ అంటే 1954 జూలై నుంచి 1955 జూన్ వరకు.

ఏ పొలం ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో ఏటా రాసే రికార్డును ఆంధ్రలో అడంగల్ అని, తెలంగాణలో పహాణీ అని అంటారు. వాటిని పదేళ్ళకొకటి చొప్పున తీసి పక్కపక్కన పెట్టండి. మొదట 45 అని ఒకటే నంబరు, ఒకే పేరు. కొన్నాళ్ళకు 45/1, 45/2, 45/3. అన్నదమ్ములు ముగ్గురు పంచుకున్నారన్నమాట. ఆ తర్వాత 45/2 మరో ఇంటిపేరు మీద కనిపిస్తే ఆ నడిపివాడి ఇంట్లో ఏదో జరిగింది. పెళ్ళో, జబ్బో, అప్పో, వలసో. అది రిజిస్టరు చెప్పదు. అడగాల్సిన ప్రశ్న మాత్రం చేతికిస్తుంది.

4. ట్రంకుపెట్టెలు తెరిపించండి

నాకు బాగా ఇష్టమైన పని ఇది. అమ్మకపు దస్తావేజు, పారీఖత్తు (పంపకాల పత్రం), తాకట్టు పత్రం ఏది దొరికినా ముందు చెక్కుబందీ, అంటే నాలుగు హద్దుల వివరం చదవండి. మా ఇంటి పెట్టెలో ఒక పాత పారీఖత్తు ఉంది, మడతల దగ్గర చిరిగితే మైదాతో అతికించారు. అందులో హద్దులు ఇలా ఉన్నాయి: తూర్పు చాకలి మాన్యం, దక్షిణం డొంక, పడమర అన్నగారి వంతు, ఉత్తరం పంటబోదె. పొలం మాది, కానీ నాకు కొత్త సంగతి చెప్పింది తూర్పు హద్దు. ఊరి బట్టలు ఉతికిన కుటుంబానికి ఆ సేవకు బదులుగా ఇచ్చిన భూమి అది. ఇవాళ వేరేవాళ్ళ పేరున ఉంది. 1956 ఇనాముల రద్దు చట్టంతో ఇలాంటి భూములు రైతు నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైత్వారీ పట్టాలుగా మారడం మొదలైంది. మా తూర్పు హద్దు ఎప్పుడు, ఎంతకు చేతులు మారిందో వెతుకుతూ ఆ కుటుంబం మనవడి దాకా వెళ్ళాను. ఆయన దగ్గర కాగితం లేదు కానీ మాన్యం ఎక్కడుండేదో వేలుపెట్టి చూపించాడు.

అలా నాలుగు దస్తావేజుల హద్దులు కలిపితే ఆ కాలపు ఊరి పటం దానంతట అదే ఏర్పడుతుంది. ఒక పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపే ఈసీలు (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లు) కూడా రిజిస్ట్రేషన్ ఆఫీసులో తీయించండి. ఆన్‌లైన్‌లో సాధారణంగా 1983 నుంచే దొరుకుతాయి, అంతకు ముందువాటికి ఆఫీసులో వెతికించాలి.

5. పెద్దవాళ్ళను సంవత్సరం అడగకండి

"ఏ సంవత్సరంలో కొన్నారు తాతా?" అంటే సరైన జవాబు రాదు. "దివిసీమ ఉప్పెన ముందా, తర్వాతా?" అని అడగండి, అది 1977 నవంబరు 19. "ఐఆర్ ఎనిమిది వడ్లు వచ్చాక కొన్నారా?" అంటే 1960ల చివరికి వస్తారు. తెలంగాణలో రజాకార్ల నాడు, పోలీసు చర్య నాడు అంటే 1948 దగ్గర నిలబడతారు. కరణాలు, మునసబులు, పటేల్ పట్వారీలు పోయిన కాలం అంటే 1984. ముత్తాతల నుంచి విన్న ధాత కరువు మాట వస్తే అది 1876-78 నాటిది.

ఆడవాళ్ళను విడిగా కూర్చోబెట్టి అడగండి. పుట్టింటి నుంచి వచ్చిన పొలం ఏది, పురుడుకో చదువుకో ఏ చెక్క అమ్మారు, నాట్లకు ఏ పేట నుంచి మనుషులు వచ్చేవారు అన్నవి వాళ్ళకే గుర్తుంటాయి.

వంశావళి కావాలంటే మీ కులానికి గోత్రాలు, వంశం చెప్పే వంశరాజులు ఇంకా మీ వైపు వస్తున్నారేమో కనుక్కోండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి, కాగితాలతో తర్వాత సరిచూడవచ్చు.

6. పట్టా లేనివాళ్ళను వదలకండి

రికార్డుల మీదే ఆధారపడితే ఊరి చరిత్ర పట్టాదారుల చరిత్ర అయిపోతుంది. పాలేర్లు, కౌలుదార్లు, వెట్టి చేసిన కుటుంబాలు అందులో కనిపించరు. వాళ్ళు లేకుండా రాసింది రైతు కుటుంబాల చరిత్ర కాదని నా గట్టి నమ్మకం. అడంగల్‌లో పట్టాదారు గడి పక్కన అనుభవదారు, అంటే భూమి చేతిలో ఉన్నవాడి గడి ఉంటుంది, కౌలుదార్ల జాడ ఒక్కోసారి అక్కడ తగులుతుంది. తెలంగాణలో 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదార్ల జాబితాలు చూడండి. ప్రభుత్వ భూమి పేదలకు ఇచ్చిన డి-ఫారం పట్టాలు, 1973 భూపరిమితి చట్టం కింద పంచిన మిగులు భూములు ఎవరికి వచ్చాయో, ఇప్పుడు ఎవరు సాగు చేస్తున్నారో రాయండి. పేటకు వెళ్ళి అక్కడి పెద్దలతో కూర్చోండి. ఒకే చేను గురించి ఆసామి ఇంట్లో ఒక మాట, పాలేరు ఇంట్లో ఇంకో మాట వినిపిస్తే రెండూ రాయండి.

7. ఊరి కథను కాలానికి కట్టండి

ఇది త్వరగా అయ్యే పనే. మీ ఊరు ఎవరి ఏలుబడిలో ఉండేదో తెలిస్తే చాలు. ఉత్తర సర్కార్లలో చాలాచోట్ల శిస్తును శాశ్వతంగా ఖాయం చేసిన 1802 శాశ్వత పద్ధతి కింద జమీందారీలు, సీమలో మన్రో వేసిన రైత్వారీ, తెలంగాణలో నిజాం సర్కారు నేరుగా శిస్తు వసూలు చేసిన దివానీ లేదా జాగీర్దార్లకు ఇచ్చిన జాగీరు. జాగీర్ల రద్దు 1949, జమీందారీలను రద్దు చేసిన మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం 1948. డెల్టా ఊళ్ళకు నీళ్ళే పెద్ద మలుపు: ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. 1800 తర్వాత కల్నల్ కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయతుల్లో (ఊళ్ళ చరిత్ర రాసిన రాతప్రతుల్లో) మీ ఊరి పేరు ఉందేమో కూడా చూడండి.

8. రాసేటప్పుడు

ఒక్కో సర్వే నంబరుకు ఒక పేజీ పెట్టండి. పైన ఊరివాళ్ళు పిలిచే పేరు, కింద నంబరు, ఆ కింద మనుషులు వరసగా. ఏది కాగితంలో ఉంది, ఏది నోటిమాట అన్నది విడివిడిగా గుర్తు పెట్టండి. కోర్టులో నలుగుతున్న హద్దు తగాదాల జోలికి పోవద్దు. బతికున్నవాళ్ళ సంగతులు వాళ్ళు ఒప్పుకుంటేనే రాయండి. చిత్తుప్రతి అయ్యాక రచ్చబండ దగ్గర ఒక సాయంత్రం బిగ్గరగా చదవండి. మేం చదివిన రోజు జువ్విమాను చెక్క దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి ఒకావిడ లేచి, ఆ చెట్టు ఎవరు కొట్టించారో, ఆ కలప ఏ ఇంటి దూలంగా ఉందో చెప్పింది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆ దూలం ఫొటో తీసుకున్నాం.